పాడర్‌బోర్న్ పెరట్లో ఎరువు కుప్ప

"ఆకులు పారెయ్యటానికి కూడా డబ్బులు కడుతున్నారా మీరు? అదేం చోద్యంరా!"

ఒక అక్టోబరు సాయంత్రం మా అమ్మ ఫోనులో అన్నమాట ఇది. అప్పటికి నేను ఇంటి ముందు కాలిబాట మీద రాలిన లిండెన్ ఆకుల్ని ఆ వారంలో మూడోసారి ఊడ్చి, నడుం పట్టుకుని గుమ్మం మెట్టు మీద కూలబడి ఉన్నాను. (జర్మనీలో ఇంటి ముందున్న కాలిబాట శుభ్రం చెయ్యటం చాలా ఊళ్ళలో ఆ ఇంటివాళ్ళ బాధ్యతే. ఆకు రాల్చిన చెట్టు మనది కాకపోయినా సరే!) ఆకుల్ని బయో డబ్బాలో వేస్తామనీ, ఆ డబ్బా సైజును బట్టి ఏడాదికింత అని కడతామనీ చెప్పేసరికి అమ్మకి నవ్వాగలేదు. నాన్న ఫోను అందుకుని, "మనూళ్ళో పచ్చిరొట్ట కోసం గట్ల వెంట తిరిగేవాళ్ళం కదరా. ఇంటి ముందుకొచ్చి పడ్డదాన్ని డబ్బులిచ్చి పంపిస్తున్నావా?" అన్నారు.

ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. అది వెతుక్కుంటూ నేను నేర్చుకున్న సంగతులే ఈ వ్యాసం. మన సభ్యుల్లో ఈమధ్య చాలామంది అపార్టుమెంట్లు వదిలి చిన్న తోట ఉన్న ఇళ్ళకు మారుతున్నారు కాబట్టి పనికొస్తుందని రాస్తున్నాను.

పాడర్‌బోర్న్ గురించి తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఇది జర్మనీలో పడమటి వైపు, నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో లక్షన్నర మంది దాకా ఉండే ఊరు. ఊరి మధ్యలో 200కు పైగా ఊటలు నేలలోంచి ఉబికి వస్తాయి. ఆ నీళ్ళే పాడర్ నది. కేవలం 4 కిలోమీటర్లు పారి ష్లాస్ న్యూహాస్ దగ్గర లిప్పె నదిలో కలిసిపోతుంది. పాడర్ పుట్టిన ఊట కాబట్టి పాడర్‌బోర్న్! 1972లో ఇక్కడ విశ్వవిద్యాలయం వచ్చింది. హైన్జ్ నిక్స్‌డార్ఫ్ అనే ఆయన పుణ్యమా అని అంతకు ముందే కంప్యూటర్ పరిశ్రమ వేళ్ళూనింది. మనవాళ్ళు ఇక్కడికి చేరటానికి ఈ రెండే ముఖ్య కారణాలు. చదువుకునే రోజుల్లో హాస్టల్ గదుల్లో ఉంటాం, తర్వాత ఫ్లాట్లలో ఉంటాం. అక్కడ చెత్త సంగతి బిల్డింగు చూసుకునే ఆయనది. ఆకు రాలితే ఫోటో తీసుకోవటమే మన పని! సొంత పెరడు వచ్చాక కదా అసలు కథ మొదలయ్యేది.

మొదటి ఏడాది కంపు

ఇల్లు కొన్న మొదటి వేసవిలో ఉత్సాహంగా ఒక ప్లాస్టిక్ కంపోస్టు డబ్బా కొన్నాను. వారానికోసారి గడ్డి కోసే మెషీనుతో లాన్ కొయ్యటం, కోసిన పచ్చగడ్డి అంతా అందులో కూరటం. నాలుగు వారాలయ్యేసరికి లోపల ఎరువు లేదు, ముదురాకుపచ్చ రంగులో జిగటగా ఒక ముద్ద తయారైంది. వాసన చెప్పుకోలేను. ఒకరోజు మా పోస్టు డబ్బాలో పక్కింటి పెద్దావిడ రాసిన ఉత్తరం కనిపించింది. ఎంతో మర్యాదగా, చక్కగా టైపు చేసి, సంతకం పెట్టి మరీ... "మీ తోట వైపు నుంచి వస్తున్న వాసన గురించి" అని. మా ఇంట్లో పప్పు పోపు వాసన గురించి ఏనాడూ ఒక్క మాట అనని మనిషి ఆవిడ. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

మర్నాడు క్షమాపణ చెప్పుకోవటానికి వెళితే ఆవిడ కాఫీ ఇచ్చి, తన పెరట్లోకి తీసుకెళ్ళి చూపించారు. మూడు చెక్క అరలున్నాయి. ఒకదాంట్లో ఈ ఏటి కుప్ప. ఒకదాంట్లో నిరుటిది, మాగుతున్నది. మూడో దాంట్లో ఏముందో చూసి నేను ఆశ్చర్యపోయాను. నడి వేసవిలో ఎండుటాకులు! గత శరదృతువులో రాలినవి, పొడిగా, ఒక మూత కింద భద్రంగా. "ఇవి లేకపోతే గడ్డిని ఏం చెయ్యను?" అన్నారావిడ.

అసలు కిటుకంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఎందుకో వివరంగా చెప్తాను.

అన్నం, పప్పు లెక్క

తోట చెత్తని ఎరువుగా మార్చేది మనం కాదు, డబ్బా అంతకన్నా కాదు. కంటికి కనపడని సూక్ష్మజీవులు, శిలీంధ్రాలు, వాటి వెనక వచ్చే వానపాములు. వాటికి మనం పెట్టేది భోజనమన్నమాట. ఆ భోజనంలో రెండు ముఖ్య పదార్థాలు: కర్బనం, నత్రజని. కర్బనం అన్నం లాంటిది, శక్తినిస్తుంది. నత్రజని పప్పు లాంటిది, ఒళ్ళు పెరగటానికి పనికొస్తుంది. ఉత్త అన్నం పెడితే నీరసించి పడుకుంటాయి. ఉత్త పప్పు పెడితే అజీర్తి చేస్తుంది. బరువులో నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్ళు ఉండటం వాటికి సరైన వడ్డన.

ఇప్పుడు మన పెరట్లో ఉన్నవి చూద్దాం. కోసిన పచ్చగడ్డిలో ఈ నిష్పత్తి 15 నుంచి 20 మాత్రమే, అంటే పప్పు ఎక్కువ. కూరగాయల తొక్కలదీ దాదాపు అదే లెక్క. ఎండుటాకుల్లో 40 నుంచి 80 దాకా ఉంటుంది. రంపపు పొట్టులో అయితే వందల్లో ఉంటుంది. నా డబ్బాలో జరిగిందేమిటో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నత్రజని మిగిలిపోయి అమోనియాగా గాలిలోకి పోయింది, అదీ ముక్కు మండించిన ఘాటు. దానికి తోడు తడిగడ్డి అణిగిపోయి చాపలా అతుక్కుంటుంది. లోపలికి గాలి వెళ్ళదు. గాలి లేనిచోట పనిచేసే మరో రకం బాక్టీరియా చేరి కుళ్ళిన కోడిగుడ్డు కంపు పుట్టిస్తాయి. కాబట్టి వాసనని బట్టే రోగం చెప్పొచ్చు. ఘాటుగా ఉంటే పప్పెక్కువైంది, కుళ్ళు కంపైతే ఊపిరాడటం లేదు. రెంటికీ మందు ఒకటే. ఎండుటాకులు వేసి కలియబెట్టటం.

కానీ చిక్కేమిటంటే, ఈ దేశంలో అన్నం ఒక రుతువులో వండుతారు, పప్పు ఇంకో రుతువులో! గడ్డి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పెరుగుతుంది. ఆకు అక్టోబరు, నవంబరుల్లో ఒక్కసారిగా రాలుతుంది. అందుకే శరత్కాలంలో ఉత్త ఆకుల కుప్ప ఏడాదైనా కదలదు, వేసవిలో ఉత్త గడ్డి కుప్ప కంపు కొడుతుంది. మనలో చాలామంది నవంబరులో ఆకులన్నీ డబ్బులిచ్చి పంపించేసి, జూన్‌లో "కంపోస్టు మనకి అచ్చిరాదు" అని విసుక్కుంటారు. నేనూ ఆ బాపతే. పక్కింటి పెద్దావిడ చేసిందల్లా ఆకుల్ని ఆరు నెలలు ఆపి ఉంచటం. మన ఇళ్ళలో వడియాలు, ఊరగాయలు పెట్టి ఉంచుకోమూ, అలాగే.

ఆకుల్ని దాచుకోవటం

దీనికి పెద్ద ఖర్చు లేదు. మీటరు ఎత్తున్న కోళ్ళ జాలీ గుండ్రంగా చుట్టి, నాలుగు కర్రలు పాతితే చాలు. ఆకులు పొడిగా ఉన్న రోజు చూసి ఎత్తండి. గడ్డి మెషీనుని ఆకుల మీదుగా ఒకసారి నడిపిస్తే ముక్కలై నాలుగో వంతుకి దిగిపోతాయి, తర్వాత త్వరగా మాగుతాయి కూడా. పైన ఒక అట్టో, పాత పరదానో కప్పండి. ఆకులు ఊదే మెషీను కొనాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. నివాస ప్రాంతాల్లో మామూలుగా దాన్ని పనిదినాల్లో ఉదయం 9 నుంచి 1 దాకా, మళ్ళీ 3 నుంచి 5 దాకా మాత్రమే వాడనిస్తారు. ఆదివారం మొదలెట్టారో, మీకూ ఒక ఉత్తరం వస్తుంది! దంతె మేలు. చప్పుడూ లేదు, వ్యాయామమూ అవుతుంది.

ఏ ఆకైనా ఒకటే కాదు. మేపుల్, లిండెన్, బర్చ్, ఆపిల్, చెర్రీ ఆకులు ఏడాదిలోపే కరిగిపోతాయి. ఓక్, వాల్‌నట్ ఆకుల్లో టానిన్లు ఎక్కువ, రెండు మూడేళ్ళు పట్టొచ్చు. వాటిని వేరేగా కుప్ప వేసి మర్చిపోవటమే మంచిది. వాహనాలు ఎక్కువ తిరిగే రోడ్డు మీది ఆకుల్లో టైర్ల పొడి, మసి కలిసి ఉంటాయి. అవి నేను కూరగాయల మడికి వాడను.

మరొక సంగతి. ఆకుల కుప్పలో ముళ్ళపంది కాపురం పెట్టొచ్చు. ఈ దేశంలో వాటిని ఈగెల్ అంటారు. నవంబరు నుంచి వసంతం దాకా నిద్రపోతాయి. అందుకని పెరట్లో ఒక మూల కుప్పని చలికాలమంతా ముట్టుకోకుండా వదిలేస్తాను. గార్డెన్ ఫోర్కుతో పొడిచేముందు చేత్తో తడిమి చూడటం మా అబ్బాయి డ్యూటీ. నాలుగేళ్ళలో ఒక్కసారే కనిపించింది గానీ, వాడు మాత్రం ప్రతిసారీ ఊపిరి బిగబట్టే చూస్తాడు.

కుప్ప వెయ్యటం, వేడెక్కటం

నేల మీద నేరుగా వెయ్యండి, సిమెంటు మీద కాదు. వానపాములు పైకి రావాలి కదా. అడుగున వేలెడు లావు కొమ్మలు గాలి కోసం. దాని మీద రెండు మూడు గంపల ఎండుటాకులకి ఒక గంప పచ్చగడ్డి లెక్కన కలుపుతూ వెళ్ళటమే. కొలతలు గ్రాముల్లో చూడక్కర్లేదు. తేమకి ఒక పరీక్ష ఉంది. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఆకులు కలపాలి, పొడిపొడిగా రాలితే నీళ్ళు చల్లాలి.

చలికాలం పొద్దున్నే ఊళ్ళో పెంటదిబ్బ మీంచి పొగలు రావటం పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళందరికీ గుర్తుంటుంది. తడి గడ్డిని వామి వేస్తే లోపల కాలిపోతుందని పెద్దవాళ్ళు తిట్టటం కూడా. రెండూ ఒకటే. సూక్ష్మజీవులు తింటున్నప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక కుప్ప నడుమ పోగవుతుంది. కుప్ప కనీసం ఒక ఘనపు మీటరు ఉంటే నడుమ 55, 60 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్ళొచ్చు. కలుపు గింజలు చావటానికి, తెగుళ్ళు పోవటానికి ఆ వేడి కావాలి. నిజం చెప్పాలంటే మన ఇళ్ళలో కుప్పలు కొద్దికొద్దిగా పెరుగుతాయి కాబట్టి అంత వేడి రావటం తక్కువ. నష్టమేమీ లేదు, చల్లగా, నిదానంగా ఎనిమిది నెలల నుంచి ఏడాదిలో మాగుతుంది. కాకపోతే అలాంటి కుప్పలో గింజ కట్టిన కలుపు, తెగులు పట్టిన మొక్కలు, నేలలో వేళ్ళతో పాకే మొండి గడ్డి వెయ్యకూడదు. అవి బయో డబ్బాలోకే.

ఈ పద్ధతిని శాస్త్రంగా రాసి ప్రపంచానికి చెప్పినవారిలో ముఖ్యుడు ఆల్బర్ట్ హోవర్డ్. ఆయన ఆ పని చేసింది యూరప్‌లో కాదు, మన ఇండోర్‌లో! 1924 నుంచి 1931 దాకా అక్కడ ఉండి, యశ్వంత్ వాడ్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి 1931లో పుస్తకం వేశారు. అందుకే దానికి ఇండోర్ పద్ధతి అని పేరు. ఇది నాన్నకి చెప్తే, "జనుము, జీలుగ, పిల్లిపెసర దున్నటం మాకెవరు చెప్పార్రా?" అన్నారు. నిజమే అనుకోండి. కానీ అదే దేశంలో ఇవాళ మన నగరాల్లో పొద్దున్నే రోడ్లూడ్చి ఆకుల్ని అక్కడే తగలబెట్టటం కూడా చూస్తున్నాం. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు తోట చెత్తని తగలబెట్టకూడదని స్పష్టంగా చెప్పాయి. అయినా ఆ పొగ ఇంకా వస్తూనే ఉంది.

బయో డబ్బా సంగతి

పాడర్‌బోర్న్‌లో చెత్త ఎత్తేది నగరపాలక సంస్థకి చెందిన ఆ.ఎస్.పే. అనే విభాగం. ఎల్సెన్ దగ్గర ఆల్టె షాంజె అనే చోట జిల్లావారి చెత్త కేంద్రం ఉంది. జీవవ్యర్థాలని వేరు చెయ్యటమనే అలవాటు పుట్టింది ఇక్కడికి ఆగ్నేయంగా వంద కిలోమీటర్లలోపే. విట్జెన్‌హౌజెన్ అనే చిన్న ఊళ్ళో 1983లో మొట్టమొదటి బయో డబ్బాల ప్రయోగం జరిగింది. 2005 జూన్ 1 నుంచి శుద్ధి చెయ్యని చెత్తని గోతుల్లో పూడ్చటం జర్మనీలో ఆపేశారు. గాలి తగలకుండా పూడ్చిన ఆకూ అలమూ మీథేన్ వదులుతాయి, వాతావరణాన్ని వేడెక్కించటంలో అది బొగ్గుపులుసు వాయువు కన్నా ఎన్నో రెట్లు ఘాటైనది. 2015 జనవరి 1 నుంచి జీవవ్యర్థాలని వేరుగా సేకరించటం దేశమంతటా చట్టబద్ధమైంది. కర్మాగారాల్లో 55 డిగ్రీల్లో రెండు వారాలు, లేదా 65 డిగ్రీల్లో మూడు రోజులు ఉంచి మరీ ఎరువు చేస్తారు. మన పెరట్లో సాధ్యం కానిది అదే. అంచేత బయో డబ్బాని తీసెయ్యమని నేననను. కలుపు, తెగులు అందులోకి పోవాలి, ఆకులు మాత్రం ఇంట్లో ఉండాలి.

మనవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఆకుల్ని ప్లాస్టిక్ సంచిలో నింపి, ముడి వేసి, సంచితో సహా డబ్బాలో పడెయ్యటం. ఆ సంచి చిరిగి ముక్కలై, చివరికి ఎవరో రైతు పొలంలో తేలుతుంది. 2025 మే 1న ఈ విషయంలో నిబంధనలు గట్టిపడ్డాయి. బయో డబ్బాల సరుకులో పరాయి వస్తువులు బరువులో 3 శాతం దాటితే కర్మాగారంవాళ్ళు లోడు మొత్తాన్ని తిరస్కరించవచ్చు. "కంపోస్టబుల్" అని రాసి ఉన్న సంచుల్ని కూడా చాలా ఊళ్ళలో వద్దంటున్నారు, కర్మాగారంలో ఉంచే కొద్ది వారాల్లో అవి పూర్తిగా కరగవు. పాత న్యూస్‌పేపర్లో చుట్టండి, చాలు. పూజ పూలు వేసేముందు దారం, మెరుపు కాగితం తీసెయ్యండి. ఇక కొబ్బరి చిప్పలు! ఇంటి కుప్పలో వేసి నాలుగేళ్ళు చూశాను. నాలుగేళ్ళూ అవి నన్ను చూశాయి.

కొమ్మల గురించి కొంచెం. కొమ్మలు చిన్న ముక్కలు చేస్తే కుప్పకి గాలినిచ్చే మంచి సరుకు. కానీ కంచె మొక్కల్ని మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా మొదలంటా నరకటానికి వీల్లేదు, పక్షులు గూళ్ళు కట్టుకునే కాలం. పైపైన కత్తిరించుకోవచ్చు. 2022 మే 20న మా ఊరి మీదుగా సుడిగాలి వెళ్ళినప్పుడు, 40 మందికి పైగా గాయపడ్డ ఆ సాయంత్రం, నిమిషాల్లో ఎన్నో పెద్ద చెట్లు నేలకూలాయి. నిలబడి ఉన్నంతసేపూ చెట్టు, పడ్డ మర్నాడు చెత్త... అప్పుడనిపించింది ఈ మాట ఎంత చిత్రమైనదో. ఈస్టరుకి ఇక్కడి ఊళ్ళలో మన భోగిమంటలా పెద్ద మంట వేస్తారు. తోట చెత్త వదిలించుకోవటానికి దాన్ని వాడకూడదు. పేర్చి ఉంచిన కట్టెల్లో ముళ్ళపందులు, పక్షులు చేరి ఉంటాయని వెలిగించేముందు విప్పి మళ్ళీ పేర్చమంటారు.

ఎంత వెయ్యాలి?

పాడర్‌బోర్న్‌కి ఉత్తరాన సెన్నె అనే ఇసుక నేల. మా ఇల్లు ఆ వైపే, నీళ్ళు పోస్తే పోసినట్టే ఇంకిపోతాయి. ఇలాంటి ఇసుకలో కంపోస్టు స్పాంజిలా తేమని పట్టి ఉంచుతుంది. దక్షిణాన సున్నపురాయి పీఠభూమి. అక్కడ కురిసిన వాన రాతి పగుళ్ళలోంచి దిగి ఊరి మధ్య పాడర్ ఊటలుగా పైకొస్తుంది. అంటే మనం నేలకి ఎక్కువగా పెట్టిన నత్రజని నైట్రేటుగా మారి నీళ్ళతో పాటు కిందికి దిగుతుంది. మంచిదే కదా అని కంపోస్టు గంపలకొద్దీ గుమ్మరించకూడదు. చదరపు మీటరుకి ఏడాదికి రెండు మూడు లీటర్లు, వసంతంలో పైపైన కలిపితే సరిపోతుంది. కుప్ప మీద కూడా వర్షాకాలంలో ఒక మూత ఉండాలి, సారం కడుక్కుపోకుండా.

చాలామంది అడిగేది గోంగూర గురించి కాబట్టి అదీ చెప్తాను. ఉత్త కంపోస్టులో గింజ పెట్టకండి, అందులోని లవణాలకి లేత మొలక మాడిపోతుంది. ఏప్రిల్‌లో జల్లెడ పట్టిన కంపోస్టు ఒక పాలు, మామూలు మట్టి రెండు పాళ్ళు కలిపి కుండీల్లో నింపి, ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచండి. మే నెల మధ్యలో ఐస్‌హైలిగె అని ఇక్కడివాళ్ళు లెక్కపెట్టే చలి రోజులు ఉంటాయి, 15తో అయిపోతాయి. ఆ తర్వాతే బయట పెట్టాలి. నేను ఒక ఏడు తొందరపడి మొదటి వారంలోనే పెట్టి, ఒక్క రాత్రి మంచుకి పన్నెండు మొక్కలు పోగొట్టుకున్నాను. పోయినవి కుప్పలోకే వెళ్ళాయనుకోండి. మరుసటి ఏడు పండిన మొదటి కట్ట పచ్చడి చేసి పక్కింటి పెద్దావిడకి ఒక చిన్న సీసాలో ఇచ్చాం. కారం తగ్గించే చేశాం. సీసా కడిగి తిరిగిస్తూ ఆవిడ అందులో వాళ్ళ ఆపిల్ జామ్ నింపి ఇచ్చారు, పైన తేదీ రాసిన చీటీ అంటించి మరీ.